తట్టు వచ్చాక

పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా ఆమె మనవరాలిని దగ్గరికి లాక్కుని, నుదుటికి తన చెంప ఆనించి చూస్తుంది. చేత్తో చూడదు. వేడి బట్టలు మడతపెట్టీ పెట్టీ ఆ అరచేతులు మొద్దుబారిపోయాయి, వాటికి జ్వరం తెలీదు. వీధంతా ఇస్త్రీ అమ్మమ్మ అని పిలిచే ఆమెకి ఈ సంగతి తెలిసొచ్చింది మాత్రం నిరుడే.

ఇల్లు మారే హడావిడిలో పిల్లకి తట్టు టీకా తప్పిపోయింది. ఒకనాడు పిల్ల ఇస్త్రీ కొట్లో బట్టల మూట మీద వాలిపోతే, అమ్మమ్మ పని ఆపకుండానే చెయ్యి చాపి నుదురు తాకి, "ఏమీ లేదులే" అనుకుంది. మర్నాటికి కళ్లు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ముఖం మీద మొదలై ఒళ్లంతా ఎర్రగా పేలింది.

తట్టు తగ్గింది గానీ పిల్ల తేరుకోలేదు. ఒక జలుబు పోయేలోగా ఇంకో జలుబు, దగ్గు, చెవిపోటు. బస్సు కండక్టరుగా చేసే కూతురికి సెలవులూ అయిపోయాయి, ఓపికా అయిపోయింది.

"ఊరందరి మాసిన బట్టల మధ్య కూర్చోబెడితే ఇంకేమవుతుందమ్మా? వచ్చే వారం నుంచి దాన్ని వేరే చోట దింపుతాను."

"మాసినవి కావే, ఉతికినవి" అని గొణిగింది అమ్మమ్మ.

ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

"ఇందులో కొట్టు తప్పేం లేదు" అందావిడ. "ఒకసారి వచ్చిన జబ్బుని గుర్తుపెట్టుకునే కణాలు ఒంట్లో ఉంటాయి. అదే జబ్బు మళ్లీ వస్తే గుమ్మంలోనే పట్టేసుకుంటాయి. తట్టు వైరస్ వెళ్లి వాటిలోనే దూరుతుంది, చాలావాటిని చంపేస్తుంది. ఒళ్లు ఎదురు తిరిగి పోరాడింది, ఆ ఎరుపంతా అదే. గెలిచింది కాబట్టి తట్టుని ఇక మరిచిపోదు. అంతకుముందు నేర్చుకున్నవే చాలా మరిచిపోయింది."

అమ్మమ్మ తల ఊపింది. "అంటే, తట్టు వచ్చాక దాని ఒంటికి ఏదీ తట్టట్లేదంటారు."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"మరి మళ్లీ గుర్తొస్తాయా?" అని అడిగింది కూతురు.

"మెల్లగా నేర్చుకుంటుంది. నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మిగిలిన టీకాలు వేయిద్దాం. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకండి."

ఆ ఆఖరి మాట అమ్మమ్మకి గుచ్చుకుంది. మెట్లు దిగుతూ ఆగిపోయింది.

"ఆ రోజు నేను చేత్తో చూశానే. ఈ చేతులకి కాలితే గానీ వేడి తెలీదు. నువ్వు దింపుతానన్న చోటే దింపు."

కూతురు తల్లి చెయ్యి అందుకుని, ఆ గరుకు అరచేతిని తన చెంపకి ఆనించుకుంది.

"నా జ్వరాలన్నీ ఈ చేత్తోనే చూశావుగా."

"అప్పుడు మెత్తగా ఉండేదే."

"అయితే ఇకనుంచి చెంపతో చూడు" అంది కూతురు, పిల్లని ఎత్తుకుంటూ. "రేపు దీన్ని ఎప్పటిలాగే నీ దగ్గర దింపి వెళ్తాను."

ఇప్పుడు పిల్ల పొద్దున ఇక్కడి నుంచే బడికి వెళ్లి, బడి కాగానే మళ్లీ కొట్టుకే వస్తుంది. ఇస్త్రీ చేసిన చొక్కాలకి గుండీలు పెట్టడం దాని పని.