పూలు రాలిపోయాక క్యోటో చూసిన రత్నకుమారక్క

రత్నకుమారక్క ఇక లేరు. ఉదయం డ్యూటీ బస్సులో అందరికంటే ముందు కూర్చునే మనిషి ఆ రోజు రాకపోతే, విసుక్కుంటూనే నర్సుల హాస్టల్లో ఆవిడ గదికి వెళ్ళి తలుపు తట్టాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్లు తేల్చారు. ఎందరి కళ్ళో ఈ చేతులతో మూసినదాన్ని, అయినా నమ్మలేక చాలాసేపు అక్కా అక్కా అని పిలుస్తూనే ఉన్నాను.

పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో పుట్టి, ఇరవై నాలుగేళ్ళు సౌదీలో, ముందు ఖఫ్జీలోనూ తర్వాత ఖతీఫ్‌లోనూ నర్సుగా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా ఏనాడో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. నిష్కల్మష హృదయం, నిరుపమాన సేవాతత్పరత అని రాయాలని ఉంది కానీ, ఆ మాటలు వింటే ఆవిడ ఊరుకోరు. "ఏంటే, సన్మానపత్రం చదూతున్నావా?" అంటారు.

నోరు పెద్దది. నేను కొత్తగా చేరిన వారంలో, ఆరో నెంబరు బెడ్‌కి జ్వరం వచ్చిందని చెప్పాను. అందరి ముందూ కడిగేశారు. "మంచానికి జొరం వచ్చిందా, మనిషికా? ఆయనకో పేరుంది. వెళ్ళి కనుక్కునిరా." ఏడుస్తూ వెళ్ళి కనుక్కున్నాను. ఆ తర్వాత ఏ రోగినీ అంకెతో పిలవలేదు.

ఖఫ్జీలో ఉన్నప్పుడు ఒక ముసలి జపాను ఇంజనీరుకి అక్క సేవ చేశారట. కాలు విరిగి రెండు నెలలు మంచంలో ఉన్న ఆయన, తన ఊరు క్యోటోలో ఏటి గట్టున చెర్రీ చెట్లు విరగబూసిన ఫొటో చూపించి, వసంతంలో ఒక్కసారి రమ్మన్నారట. ఆ కోరిక అక్కలో పదమూడేళ్ళు ఉండిపోయింది. మా వార్డులో ఒకేసారి ఇద్దరు సెలవు పెట్టకూడదు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పిల్లల తల్లులెవరో ఒకరు బతిమాలేవారు, అక్క తన వంతు వదులుకునేవారు. "మీకు ఎదురుచూసేవాళ్ళున్నారే, నాకెవరున్నారు?" అని నవ్వేవారు. ఆ నవ్వుకి మేమూ నవ్వేవాళ్ళం, సిగ్గులేకుండా.

పోయినేడాది మాత్రం పట్టుబట్టి సెలవు పెట్టారు. దేశం దాటి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కూడా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే మా చెల్లి ప్రధానం కుదిరింది. ఆ తేదీలు నాకిచ్చి, నా తేదీల్లో పదిహేను రోజులు ఆలస్యంగా వెళ్ళమని అడిగినది నేనే.

"వెళ్ళవే. పూలెక్కడికి పోతాయి? పదిహేను రోజుల్లో పారిపోతాయా ఏంటి? మన గన్నేరు చూడు, ఏడాది పొడుగునా పూస్తానే ఉంటది."

నేనూ అలాగే అనుకున్నాను. హాస్టల్ ముందున్న కాగితప్పూల చెట్టు ఈ ఎండల్లోనే నెలల తరబడి పూస్తుంది. నిండుగా పూసిన చెర్రీ చెట్టు వారం రోజులే నిలుస్తుందని, గోదావరి జిల్లాల్లో పెరిగిన మా ఇద్దరికీ తోచనే లేదు.

క్యోటో నుంచి ఫోన్ చేశారు. "అయిపోయాయే. ఊరంతా పచ్చటి ఆకులే."

నేను ఏడ్చాను. అక్క కసిరారు. "ఎందుకే ఏడుపు? ఆకులు చూడ్డానికి ఎవరూ రారు. గట్టంతా నాదే."

అక్కడున్న ఆరు రోజులూ ఆ గట్టునే కూర్చున్నారు. ఒక రోజు పులిహోర పొట్లం విప్పుకుంటే, ఒక జపాను ముసలావిడ వచ్చి పక్కన కూర్చుందట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పులిహోర చెరి సగం తిన్నారు. తర్వాత ఆ ముసలావిడ అక్క చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చీకటి పడేదాకా అలాగే కూర్చుందట.

"ఇన్నేళ్ళలో వేలమంది చేతులు పట్టుకున్నానే. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు," అన్నారు తిరిగొచ్చాక, కూర తరుగుతూ. నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడైనా ఆ చెయ్యి పట్టుకోవాలని తోచలేదు. ఉల్లిపాయలు అందించాను.

ఈ ఏడాది అక్క అన్నీ కనుక్కుని, పూలు విరబూసే వారానికే సెలవు పెట్టారు. మంజూరైంది. ఇంకా మూడు వారాలుందనగా కన్నుమూశారు. కాగితాలన్నీ పూర్తయ్యాక పార్థివదేహాన్ని దమ్మామ్ నుంచి విమానంలో పంపాం. అందుకోవడానికి పినతల్లి కొడుకు ఒక్కడే వచ్చాడట. ఈ దేశంలో మన ప్రార్థనలు బాహాటంగా చెయ్యకూడదు కనక, ఇక్కడ మేం పదకొండు మందిమి గది తలుపులు వేసుకుని, బయటికి వినపడకుండా ప్రార్థన చేసుకున్నాం. అటువంటి తల్లి మా వార్డుకి మళ్ళీ రాదు.

మొన్న ఇన్‌ఛార్జి సిస్టర్ నన్ను పిలిచారు. రత్నకుమారి సెలవు రోజులు ఖాళీగా ఉన్నాయి, నీకు కావాలా అని అడిగారు.

వద్దన్నాను. ఒకసారి తీసుకున్నాను కదా.