పూజపీట ఎక్కిన కేకు

కేకు చేయడమంటే నాకెప్పుడూ భయం లేదు. చేసిన కేకును నిలబెట్టడమంటేనే భయం.

డెబ్బైల చివర్లో మేము తిరువళ్ళూరులో ఉండేవాళ్ళం. అరక్కోణం రైల్వే క్వార్టర్సులో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర కేకులు నేర్చుకున్నాను. వీధిలో పిల్లల పుట్టినరోజులకు నాలుగు చేసిపెట్టేసరికి అందరూ పొగిడారు. ఆ పొగడ్తలకు ఉబ్బిపోయి, మా ఆడబిడ్డ రిసెప్షనుకు మూడంతస్తుల కేకు నేనే చేస్తానని నోరు జారాను. పెళ్ళికొడుకు మద్రాసులో బ్యాంకు ఉద్యోగి. రిసెప్షను తిరుత్తణిలో, వాళ్ళ ఊళ్ళో. కేకు దారిలోనే కూలితే కొత్త వియ్యాలవారి ముందు ఆ పిల్ల తల దించుకోవాలి. అది తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు.

పైగా ఆ రోజు కృత్తిక, తిరుత్తణి స్వామికి మొక్కులు చెల్లించే రోజు. మా ఇళ్ళలో గుడ్డు పేరెత్తకూడదు. గుడ్డు బదులు డబ్బాలో వచ్చే చిక్కటి పాలు పోసి ఒకటి చేసి చూశాను. రుచి బాగుంది గానీ బరువు చెప్పనక్కర్లేదు.

అంత బరువును మోసే పలక కోసం వేట మొదలుపెట్టాను. రుబ్బురోలు పొత్రాన్ని కేకు అనుకుని, దొరికిన పలక మీదల్లా పెట్టి, రెండు చివరలూ పట్టుకుని లేపేదాన్ని. చీరల పెట్టె అట్టలు మూడు కలిపి అంటించినా నడుము వంచేశాయి. పాత రేడియో వెనక చెక్క పటుక్కున విరిగింది. చపాతీ పీట గట్టిదే కానీ చిన్నది.

అరుగు మీద కూర్చుని చూస్తున్న మా అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఏమ్మే, రాతికి పెండ్లి చేస్తా ఉండావా?"

"నవ్వండత్తా, నవ్వండి. రేపు కేకు పడిపోతే అందరూ నవ్వుతారు" అన్నాను ఉక్రోషంగా.

ఆవిడ లేచి దేవుడి గదిలోకి వెళ్ళి, వ్రతాలకు కలశం పెట్టే పనస చెక్క పీట తెచ్చి నా ముందు పెట్టారు. పొత్రం పెట్టి లేపితే వెంట్రుకవాసి కూడా వంగలేదు. అడుగున అడ్డకట్టెలు ఉండడంతో వేళ్ళు దూర్చి ఎత్తడానికీ వీలుగా ఉంది.

"గుడ్డు యెయ్యవు గదా? అట్లయితే తీసుకో" అన్నారు.

బయలుదేరే రోజు తెల్లవారుజామున చూద్దును కదా, పీట అంచులకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఆ పీటను బోసిగా బయటికి పంపడం ఆవిడ వల్ల కాదు. నేను కాగితం పరిచి కేకును పేర్చాను. దుమ్ము పడకుండా పొడవాటి పూలగంప బోర్లిస్తే, దాని మీద ఆవిడ కొత్త పసుపు గుడ్డ కప్పారు.

రైలు వచ్చింది. పెట్టె నిండా తిరుత్తణి కొండకు మొక్కు కావళ్ళు మోసుకెళ్ళే జనం. నేనూ అత్తగారూ పీటకు చెరోవైపు పట్టుకుని ఎక్కగానే కావడి మోస్తున్న పెద్దాయన దాన్ని పక్కవాడికిచ్చి, చేతులు జోడించి అడిగాడు. "యే సామమ్మా ఇది?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "సామి కాదయ్యా, మా కోడలు కట్టిన గోపురం. తిరుత్తణికే పోతా ఉండాది. రవ్వంత జరుగు."

ఆయన "అరోహరా!" అని స్వామికి జేకొడుతూ కేక పెట్టాడు. పెట్టెంతా పలికింది. బల్ల మొత్తం ఖాళీ చేసి ఇచ్చారు. కడంబత్తూరులో ఎక్కినవాళ్ళు కూడా మాకు దూరంగా ఒదిగి నిలబడ్డారు. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

రిసెప్షను మంటపంలో గంప ఎత్తితే కేకు మీద ఒక్క బీట లేదు. పెళ్ళికొడుకు స్నేహితులు చప్పట్లు కొట్టారు. మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇంటికొచ్చాక పీటను శుభ్రంగా కడిగి, తుడిచి లోపలికి తీసుకెళ్తుంటే అత్తగారు ఆపారు.

"యాడికి?"

"దేవుడి గదిలోకే అత్తా."

"వద్దులే. నీ దగ్గరే పెట్టుకో. సామి యే పలక మీదైనా కూసుంటాడు. నీ రొట్టె కూసోదు."