గోల్‌కీపర్ చొక్కా

మొన్న కువైట్‌లోని ఫహాహీల్‌లో మా అబ్బాయి ఫుట్‌బాల్ చొక్కా నానబెడుతుంటే, చెమటా ఇసుకా కలిసిన ఆ వాసనకి రాంబాబు బాబాయి గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు మా నాన్నా, కోనసీమ నుంచి వచ్చిన ఆయన స్నేహితులూ కట్టుకున్న జట్టు శుక్రవారాలు మా ఫ్లాట్ వెనక ఇసుకలో ఆడేది. కువైట్ వదిలి ఇంటికి వెళ్ళిపోయేవాడు చివరి ఆట అయ్యాక చొక్కా విప్పి, కొత్తగా వచ్చినవాడికి తొడగడం వాళ్ళ ఆనవాయితీ. సరిగ్గా ఆడనివాణ్ణి తీసేస్తున్నారని నేననుకునేదాన్ని. రెండు నూనె డబ్బాల మధ్య గోల్‌కీపర్‌గా నిలబడే రాంబాబు బాబాయి చొక్కా మాత్రం ఏళ్ళు గడిచినా చేతులు మారలేదు. అందరిలోకీ ఆయనే మొనగాడని నా నమ్మకం.

ఒకరోజు ఆయనకే చెప్పాను.

"బాబాయ్, నీ చొక్కా ఎవరికీ ఇచ్చెయ్యకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

ఆయన బంతికంటిన ఇసుక దులిపాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కేసు పెట్టడంతో ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోయి, దేశం దాటే వీల్లేక ఆయన ఇక్కడే చిక్కుకుపోయాడని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

"ఆ దణ్ణం ఇంక మానెయ్యమ్మా," అన్నాడు.

మొహమాటపడుతున్నాడనుకుని, మర్నాటి నుంచి ఇంకాస్త గట్టిగా పెట్టుకున్నాను.