కెరోల్ రాని సోమవారం

సన్నీవేల్‌లో మా ఆఫీస్ ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఎవరిదో ఒక యాపిల్ సాస్ కప్పు కనిపిస్తుంది. పక్కన కూర్చునే అమ్మాయి దాని మూత తీసిందంటే, ఆ దాల్చినచెక్క వాసనకి నేను నా టిఫిన్ బాక్స్ పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి పోతాను. ఆ అమ్మాయికి అది పిల్లలు తినే యాపిల్ గుజ్జు. నాకు మాత్రం, తొమ్మిదేళ్ళప్పుడు రోజూ పొద్దున్నే మా అమ్మ మాత్రలు మింగిన వాసన.

అప్పుడు మేం ఇల్లినాయ్‌లో ఉండేవాళ్ళం. అరోరా దాటి ఇంకా పడమటికి పోతే మొక్కజొన్న చేలు మొదలవుతాయి, అక్కడ ఒక చిన్న ఊరు. అక్టోబర్‌లో చేలు కోస్తుంటే అపార్ట్‌మెంట్ కిటికీల మీద సన్నటి పసుపు దుమ్ము పేరుకునేది. మేం పిల్లలం పార్కింగ్ లాట్‌లో చాక్‌పీస్‌తో గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. మా అమ్మది వరంగల్, కాబట్టి సూపర్‌మార్కెట్‌లో దొరికే చామంతులన్నీ కొనిపించి బతుకమ్మ పేర్చి, పల్లీలు, నువ్వులు వేయించి సత్తుపిండి చేస్తుంటే ఆ కమ్మటి వాసన మెట్ల మీద కింది అంతస్తు దాకా దిగేది. ఆ ఏడు మాత్రం పాట మధ్యలో అమ్మకి దగ్గొచ్చింది. అది నెలైనా తగ్గలేదు. చివరికి డాక్టర్ ఎక్స్‌రే తీయించి, టీబీ అన్నాడు.

అమ్మ వాళ్ళ మేనత్త ఆ జబ్బుతోనే పోయిందట. అందుకని ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనకూడదు. ఫోన్ చేసిన ఆంటీలందరికీ ‘అలర్జీ’ అని చెప్పేది. తెలిస్తే వీసా తీసేసి పంపించేస్తారేమోనని ఇంకో దిగులు. నాన్న ప్రాజెక్ట్ వేరే రాష్ట్రంలో. శుక్రవారం విమానంలో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేవాడు. వారమంతా ఇంట్లో నేనూ, అమ్మా, అమ్మ దగ్గూ.

కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి కెరోల్ అనే నర్సు వచ్చేది. బడి బస్సు రావడానికి ముందే, మంచు పడుతున్నా సరే, తెల్ల కారులోంచి దిగి బూట్లు దులుపుకుని తలుపు తట్టేది. మాత్రలు మా ఇంట్లో ఉండవు, రోజూ తనే తెచ్చేది. అమ్మకి మాత్ర గొంతు దిగదు కాబట్టి సంచిలోంచి యాపిల్ సాస్ కప్పు తీసి, ఒక్కో చెంచాలో ఒక్కో మాత్ర పెట్టి, అన్నీ మింగేదాకా ఎదురుగా కూర్చునేది. మధ్యలో నా స్పెల్లింగ్ పుస్తకం తీసుకుని నన్ను ప్రశ్నలడిగేది. ఒకసారి అన్నది: మందు మధ్యలో ఆపితే జబ్బు మొండిదై తిరిగి వస్తుంది, అప్పుడు ఈ మాత్రలకి లొంగదు. అది అమ్మకి తెలుగులో చెప్పింది నేనే. అమ్మ తల ఊపింది, నేను మాత్రం ఆ మాటని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆ చలికాలం మా బడిలో మ్యూజిక్ టీచర్‌ని తీసేశారు. ఫండింగ్ లేదట. వయొలిన్లన్నీ అల్మారాలో పెట్టి తాళం వేశారు. అలా ‘ఫండింగ్’ అనే మాట నాకు తెలుసు.

మార్చిలో ఒక సోమవారం కెరోల్ రాలేదు. అమ్మ స్వెట్టర్ వేసుకుని చెంచా కడిగి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మంగళవారమూ రాలేదు. బుధవారం ఉత్తరం వచ్చింది. ఇంగ్లీష్ ఉత్తరాలు చదివి చెప్పడం ఇంట్లో నా పని. మొదటి పేరాలో, ఇకపై నర్సులు ఇళ్ళకి రారని ఉంది. నేను తలెత్తి, “ఇంక రారంట మమ్మీ” అన్నాను.

అమ్మ ముఖం వెలిగిపోయింది. “అంటే తగ్గిపోయినట్టే గద బిడ్డా! నాలుగు నెలలకే తగ్గింది, సూడు!” అంటూ నన్ను గట్టిగా పట్టుకుంది. నవంబర్ నుంచి నన్ను అంత దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. రెండో పేరాలో ఉన్నది నా నోటికి రాలేదు. అమ్మ సేమ్యా పాయసం చేసింది. ఫోన్‌లో నాన్నకి కోర్సు అయిపోయిందని చెప్పింది, ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో ఆయనకీ ఆ కబురు నమ్మాలనిపించినట్టుంది. నేను ఉత్తరాన్ని మడిచి బ్యాగ్ అడుగున పెట్టుకున్నాను.

ఆ తర్వాతి మూడు వారాలు నాకు భయం తప్ప ఇంకేం గుర్తులేదు. అమ్మ గొంతు సవరించుకుంటే నా చేతిలో పెన్సిల్ ఆగిపోయేది. బడి బస్సులోంచి మా కిటికీ వైపు చూసి, కర్టెన్ తీసి ఉంటే బతికే ఉందనుకునేదాన్ని. చెప్పాలని ప్రతి పొద్దునా అనుకోవడం, అమ్మ పాడుకుంటూ దోసెలు పోస్తుంటే నోరు మూసుకోవడం.

ఉగాది వేడుక ఆ మూడో వారం శనివారం గుడి బేస్‌మెంట్‌లో చేశారు. పులిహోర, బొబ్బట్లు, ఉగాది పచ్చడి, పట్టుచీరలు. అమ్మ నెలల తర్వాత నలుగురిలోకి వచ్చి అందరితో నవ్వుతోంది. గుంటూరు లావణ్య ఆంటీ తన ఐదు నెలల పాపని అమ్మ ఒళ్ళో పెట్టి, “పట్టుకోండక్కా, ప్లేట్ తెచ్చుకుంటా” అంది. అమ్మ పాపని ముద్దు పెట్టుకుని, పక్కకి తిరిగి దగ్గింది.

“పాపని తీసుకోండి ఆంటీ! అమ్మకి టీబీ! మందులేసుకుంటలేదు!”

అది నా గొంతేనని నాకే ఆలస్యంగా తెలిసింది. గరిటెలు ఆగిపోయాయి. లావణ్య ఆంటీ పరుగెత్తుకొచ్చి పాపని లాక్కుంది. అమ్మ ఖాళీ చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి.

నాన్న ఆదివారం విమానం మానేసి, సోమవారం మమ్మల్ని పాతిక మైళ్ళ అవతల ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. రిసెప్షన్ కిటికీ వెనకావిడ అలసిపోయి ఉంది. నిధులు తగ్గించారు, కెరోల్ ఉద్యోగం పోయింది, క్లినిక్ ఇప్పుడు వారానికి రెండు రోజులే, మాత్రలు ఇక్కడికొచ్చి మింగమని ఉత్తరంలో రాశాం కదా, అంది. అమ్మ నా వైపు తిరిగింది.

“ఆ కాయితంల ఇదంత ఉండెనా?”

“నాకు అర్థం కాలేదు మమ్మీ.”

అమ్మ నా తల నిమిరింది. “పాపం, సిన్నపిల్ల. దానికేం తెలుస్తది?”

ఆ దగ్గు మామూలు జలుబే అని తేలింది. పాపకి పరీక్షలు చేస్తే ఏమీ లేదన్నారు, అయినా లావణ్య ఆంటీ మళ్ళీ మా గడప తొక్కలేదు. మాత్రలు పడని రోజులకి బదులుగా కోర్సు పొడిగించారు. మంచులో కారంటేనే వణికే అమ్మ ఏప్రిల్‌లో లైసెన్స్ తీసుకుని, వారానికి రెండుసార్లు ఆ పాతిక మైళ్ళూ తనే డ్రైవ్ చేసి, పూర్తిగా నయం చేసుకుంది.

కెరోల్ ఎక్కడుందో తెలియదు. ఆ క్లినిక్ కూడా మూతపడి, అక్కడ టైర్ల కొట్టు వచ్చిందని మొన్న అటు వెళ్ళిన నాన్న చెప్పాడు. పొద్దున్నే ఎవరో ఒకరు తలుపు తట్టి, మందు మింగేదాకా ఎదురుగా కూర్చునే రోజులు ఆ చేల మధ్య ఇక లేవు. అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెబుతుంది. గవర్నమెంట్ వాళ్ళు అట్లాంటి ఇంగ్లీష్‌లో రాస్తే తొమ్మిదేళ్ళ పిల్లకి ఎట్ల సమజైతదని కౌంటీని తిడుతుంది. నేను పక్కనే కూర్చుని అవునవునంటాను. ఆ ఉత్తరంలో నాకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు.