రాజవ్వ అలకని గోడ

మా ముత్తంగిలో ఏడో తరగతి పాసైన మొదటివాణ్ణి నేను. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. మా వాడకు నల్లా తెప్పించాను, బడికి రేకుల షెడ్డు వేయించాను. నా ఇల్లు అంతా ఇటుకే, ఎండలో నిలబడి కట్టించుకున్నాను. అయినా ఇల్లు కట్టే సంగతి ఎవరైనా అడిగితే మా తమ్ముడి భార్య రాజవ్వ గురించే చెబుతాను.

తమ్ముడు వెంకటేశం పటాన్‌చెరులో ఒక ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాళ్లుండేది మా నాయన కట్టిన మట్టి గోడల పెంకుటింట్లో. తొంభై ఆరు నాటికి రోడ్డు వైపు గోడ వానలకు కరిగి సన్నబడింది. దాన్ని కూలగొట్టి మొత్తం ఇటుకతో కట్టాలా, మట్టి గోడను అలాగే ఉంచి బయటివైపు ఒక్క వరస ఇటుక పేర్చి సిమెంటు పూయాలా అన్నది తేలలేదు.

కూలగొడితే మంచం పట్టిన మా అమ్మను ఎక్కడుంచాలని వెంకటేశం భయం. బయట ఇటుక కడితే లోపలి మట్టి ఏమవుతుందో కనబడదని రాజవ్వ భయం. మొత్తం ఇటుకే కట్టమని, అందాకా మా ఇంట్లో ఉండమని నేను చెప్పాను. అన్న పంచన ఉండటం వాడికి నామోషీ. ఊళ్లో చాలామంది బయటి వరసే కట్టించుకున్నారు, రోడ్డు మీంచి చూస్తే అది పక్కా ఇల్లే. కోస్తా నుంచి వచ్చిన మేస్త్రీ కామరాజు కూడా, "పైన ఇటుక ఉన్నాక మట్టికి వానెక్కడ తగులుతుందండీ" అన్నాడు. తమ్ముడు ఆ మాటే పట్టుకున్నాడు.

గోడ లేచింది. రాజవ్వకు ఆ రోజు నుంచి కుదురు పోయింది. ఇల్లు ఇరుకు, అమ్మ మంచం ఆ గోడకే ఆనించి ఉండేది. బొంబాయి రోడ్డు మీద లారీ పోతే రాజవ్వ గోడ ఎంత అదురుతోందోనని చెవి ఆనించేది. వాన వెలిశాక లోపలివైపు అరచేయి పెట్టి చూసేది. చూరు నీళ్లు రెండు గోడల నడుమకు దిగుతున్నాయనీ, ఎండకు ఆరే మట్టికి ఇప్పుడు ఆరే దారే లేదనీ అందరికీ చెప్పేది. ఎవరూ వినలేదు. ఆ వానలకే గోడ లోపలివైపు సన్నటి పగులొకటి పడింది.

బోనాలొచ్చాయి. పండుగకు ఎర్రమట్టితో ఇల్లంతా అలకడం మా ఆనవాయితీ. రాజవ్వ మూడు గోడలే అలికింది.

"ఏమే, ఆ గోడ ఎందుకు ఇడిచిపెట్టినవ్? సుట్టాలొస్తే ఇంత మట్టికి గతిలేదా అంటరు" అన్నాడు వెంకటేశం.

"అననీయ్. అలికితే పగులు మూసుకపోతది. ఎంత తెరుసుకున్నదో నాకెట్ల ఎరుక?"

మంచంలోంచి అమ్మ అందుకుంది. "మంది దేవునికి బోనం వండుతున్నరు. మా కోడలు పగులుకు కాపలా కూసున్నది."

పండుగనాడు చుట్టాలు మూతి విరిచారు. రాజవ్వ తల వంచుకుని వడ్డించింది కానీ గోడ ముట్టలేదు.

మర్నాడు తమ్ముడు డ్యూటీకి పోగానే మా వాకిట్లోకి వచ్చింది. మొన్న పగులులో వేలు దూరలేదట, ఇప్పుడు దూరుతోందట.

"బావా, అత్తను మీ ఇంటికి తోలుకపో. మిగిలింది నేను జూసుకుంట."

అమ్మను మంచంతో సహా మోసుకొచ్చాం. దారి పొడుగునా కోడల్ని తిడుతూనే ఉంది. నేను తిరిగి వెళ్లేసరికి రాజవ్వ గడ్డపారతో మూల నుంచి ఇటుకలు ఊడదీస్తోంది. వెనక మట్టి పిసికిన పిండిలా ఉంది, వేళ్లు నేరుగా దిగాయి. ఇటుకకు, మట్టికి నడుమ ముడి వేసే అడ్డం ఇటుక ఒక్కటీ లేదు. ఆమెను పక్కకు జరిపి మనుషుల్ని పిలిపించాను. కప్పు కూలకుండా కర్రల పోట్లు నిలబెట్టి గోడను దింపించాను. అటువంటి పనుల్లో నన్ను మించినవాడు ఊళ్లో లేడు.

సాయంత్రం వెంకటేశం సైకిల్ దిగి రోడ్డు మీదే ఆగిపోయాడు. అక్కణ్ణుంచే ఇంట్లో కుండలు కనబడుతున్నాయి. కొట్లాట తప్పదనుకున్నాను. వాడు వచ్చి, అమ్మ తలాపు ఉండే చోటి మట్టిపెడ్డను చేతిలోకి తీసుకున్నాడు. అది వేళ్ల సందుల్లోంచి జారింది. "మొత్తం ఇటుకనే పెడదాం. అమ్మ అన్న దగ్గర్నే ఉండనీ" అన్నాడు.

కామరాజు మళ్లీ గోడ వరసకు దారం పట్టాడు. ఇటుకలు తడిపారు. మొదటి ఇటుక పెట్టబోతుంటే రాజవ్వ అడ్డం వచ్చింది.

"బావా, పునాది మామ ఏసిందే కద? అది లోపల ఎట్లున్నదో ఎవరన్న సూసిండ్రా?"

అది రాతి పునాది అని, వేసేటప్పుడు రాళ్లు అందించింది నేనే అని, ఊళ్లో నా మాటకు ఎదురులేదని చెప్పాను.

"తవ్వి సూపియ్యి" అన్నది.

ధోవతి ఎగగట్టి పార అందుకున్నాను.