కాజీపల్లి బడి ఎవరిది

ఆ బడి బాలమణిది. ఈ మూడు మాటలు చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మన కాలేజీ సంచికకు "ఆ గొప్ప ఏడాది" గురించి ఒక వ్యాసం రాయమని నన్ను అడిగారు. ఇదే ఆ వ్యాసం. అచ్చు వేయడం, వేయకపోవడం మీ ఇష్టం. మాట మాత్రం మార్చనివ్వను.

నిజంగానే గొప్ప ఏడాది అది. ఖోఖోలో మన అమ్మాయిలు కప్పు తెచ్చారు. రక్తదాన శిబిరానికి పటాన్‌చెరు కార్మికులు షిఫ్టు దిగి నేరుగా వచ్చి వరసలో నిలబడ్డారు. హాస్టల్ వంటమనుషులు, లెక్చరర్లు, విద్యార్థులు అందరూ ఒకే బతుకమ్మ చుట్టూ ఆడారు. ఇవేవీ అబద్ధం కాదు. అబద్ధం ఒక్కటే. అది నాది.

అప్పుడు నేను కాలేజీ సేవా విభాగం చూసేవాణ్ని. బాలమణి బీఎస్సీ ఆఖరి సంవత్సరం. కాజీపల్లిలో కూలి చేసుకునే ఇంటి పిల్ల. వాళ్ల వీధి చివర కిరాయి గదుల వరసలో బిహార్ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికులు ఉండేవారు. వాళ్ల పిల్లలకు తెలుగు రాదు, బడికి పోరు. ఎవరూ చెప్పకుండానే బాలమణి రోజూ సాయంత్రం ఆ గదుల ముందు గచ్చు మీద వాళ్లను కూర్చోబెట్టుకుంది. వాళ్ల దగ్గర హిందీ నేర్చుకుంటూ వాళ్లకు తెలుగు నేర్పింది. ఆ ఏడాదిలోనే పద్నాలుగు మందిని సర్కారు బడిలో చేర్పించింది.

మన పద్ధతి మీకు తెలుసు. బ్యానర్ లేని పని పని కాదు. ఫోటోలో బ్యానర్ పట్టుకుని ఎవరుంటే నివేదికలో వాళ్ల పేర్లే ఎక్కుతాయి. బాలమణి బడికి బ్యానర్ లేదు. విశ్వవిద్యాలయం నుంచి పరిశీలన బృందం వస్తోందనగా నేను హడావిడిగా ఒకటి రాయించి, కాలేజీ బస్సులో ఆరుగురు విద్యార్థులను అక్కడికి తీసుకెళ్లాను. ఆ రోజు బాలమణికి ప్రాక్టికల్ పరీక్ష. తెలిసే వెళ్లాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడే ఒక అమ్మాయిని ఫోటో మధ్యలో నిలబెట్టాను.

వారం తర్వాత బృందం కాలేజీకి వచ్చింది. "ఈ బడి ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగారు. బాలమణి వాళ్లు కూర్చున్న గదిలోనే, మంచినీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆ ఇంగ్లీషు అమ్మాయి పేరు చెప్పాను. ఎందుకు? బాలమణి తడబడుతుందనా? కాలేజీకి మంచి పేరు రాదనా? లేక ఆమె నోరు విప్పితే, ఆ ఏడాది మొత్తంలో నేను అక్కడికి ఒక్కసారే, అదీ ఫోటో కోసమే వెళ్లిన సంగతి బయటపడుతుందనా? మూడోదే నిజం. మొదటి రెండూ నాకు నేను చెప్పుకున్న సాకులు.

సాయంత్రం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఆమె నన్ను ఆపింది.

"సార్, గా పిల్లల పేర్లు ఒక్కటన్న తెలుసా ఆమెకు?"

"కాలేజీ పనమ్మా ఇది. నీది, నాది అని ఉంటదా?"

"నాది కాకుంటే కాకపాయె సార్. మరి ఆమెదెట్లయింది?"

"జెర పెద్దమనసు చేసుకో బాలమణీ."

"గది గూడ నేనే చెయ్యాల్నా సార్?"

ఉత్తమ సేవా విద్యార్థి పత్రం ఆ అమ్మాయికి వచ్చింది. పీజీ సీటుకు కలిసొచ్చే పత్రం అది. బాలమణికి సీటు కొద్దిలో తప్పిపోయింది. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరింది. నాకు షీల్డు వచ్చింది.

ప్రిన్సిపాల్ ఒత్తిడి చేశారని కొందరు నన్ను వెనకేసుకొస్తారు. చేయలేదు. ఆయనకు ఈ సంగతే తెలియదు. ఆ అమ్మాయినీ ఏమీ అనకండి. నేను నిలబెట్టిన చోట నిలబడింది, అంతే. "అందరు చేసేదే గద సార్, ఇప్పుడెందుకు తవ్వుడు?" అంటాడు నా తోటి లెక్చరర్. అందరూ చేస్తారు కాబట్టే తవ్వుతున్నాను. ఎవరికి కోపం వచ్చినా రానివ్వండి.

పోయిన నెల మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. గుర్తుపట్టి నమస్తే పెట్టింది. నేను చేసింది తప్పని చెప్పాను. చివరిదాకా వింది.

"గిది నాకు చెప్తే ఏమొస్తది సార్? నాకు తెల్వనిదా? అప్పుడెవరికి అబద్ధం చెప్పిండ్రో వాళ్లకు చెప్పుండ్రి" అని కంపెనీ బస్సెక్కింది.

క్షమించానని అనలేదు. అనాల్సిన అవసరం ఆమెకు లేదు.

ఆమె చెప్పినట్టే చేశాను. విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఆ ఉత్తరంలో చివరగా రాసిన మాటలే ఇక్కడా రాస్తున్నాను: బాలమణీ, నువ్వు ఎదురుగా ఉండగానే నీ పేరు మింగేశాను. నా బండారం బయటపడుతుందన్న భయంతో ఆ పని చేశాను. తప్పు పూర్తిగా నాది. క్షమించమని అడుగుతున్నాను.