గవ్వలతో అమెరికా ఎన్నికలు చెప్పిన టీచరుగారు

టీచరుగారు పోయారన్న మాట మా కోడలు చెప్పులు విప్పకుండానే అరుగెక్కి చెప్పింది. మా అరుగు మీదికి చెప్పులతో ఎవరూ రారు. కసరబోయి, ఆ అమ్మాయి మొహం చూసి ఆగిపోయాను.

"మన టీచరుగారండీ, అత్తయ్యగారూ! భోంచేసి, పేపరు చదువుకుంటా అలా ఒరిగేరంట. మరి లేవలేదంట."

గోడ గడియారం చూశాను. మూడూ పది. ఒకప్పుడు సరిగ్గా ఆ వేళకే ఆవిడ మా గేటు గొళ్ళెం తీసేవారు. ఆ చప్పుడు కోసం కాసేపు విన్నాను. వినపడదని తెలిసే విన్నాను.

ఆవిడ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇల్లు కాలువ అవతల, చర్చి పక్కన పేటలో. మా కోడలు పెళ్ళయ్యాక ప్రైవేటుగా ఎం.ఏ.కి కట్టింది. అందులో అమెరికా ప్రభుత్వం గురించి ఒక పేపరు ఉంది. చెప్పేవాళ్ళు కావాలంటే ఆవిణ్ణి అడిగాం. అది రెండువేల సంవత్సరం.

నల్ల గొడుగు, చేతిరుమాల్లో చుట్టిన సుద్దముక్కలు, నాలుగు మడతలు పెట్టిన పేపరు. ఇవి లేకుండా ఆవిణ్ణి నేను చూడలేదు. కోడలు జవాబు కోసం తడుముకుంటే, "తొందర లేదమ్మా, ప్రశ్న ఎక్కడికీ పోదు" అనేవారు. పరీక్షలో గంట కొడతారు కదా అని నేను లోపలినుంచి అనుకునేదాన్ని. గంట కొట్టినా ప్రశ్న పోదని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పేటవాళ్ళు మా ఇంటి ఆడవాళ్ళని "అమ్మగారూ" అని పిలవడం అలవాటు. ఆవిడ నన్ను "ఏమండీ" అనేవారు. నాకది గుచ్చుకుంది. ఆవిణ్ణి "టీచరుగారూ" అనడానికి నాకూ నోరు రాలేదు. చాలా రోజులు ఏ పిలుపూ లేకుండానే ఆవిడతో మాట్లాడాను.

వాళ్ళు అరుగు మీద చదువుకుంటుంటే, నేను గుమ్మం వెనక కొబ్బరి ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. చదువు మీద ఆసక్తి కాదు, కోడలు ఏం వింటోందో నాకూ తెలియాలని. మధ్యాహ్నపు ఎండ కొబ్బరాకుల్లోంచి జల్లెడ పట్టినట్టు గచ్చు మీద పడేది. ఆవిడ గొంతు పెద్దది కాదు. వింటూ వింటూ ఈనె చేతిలో ఉండగానే కళ్ళు మూతలు పడేవి. ఆ మగతలో అమెరికా నాకు ఒక పెద్ద గోదావరిలా కనిపించేది. అందులో యాభై లంకలు. లంకకో రేవు, రేవుకో నావ. ఒక్కో నావలో ఒక్కో ఓట్ల పెట్టె. ఒక గట్టున ఏనుగు, ఇంకో గట్టున గాడిద నీళ్ళు తాగుతూ ఉండేవి. అక్కడి రెండు పెద్ద పార్టీల గుర్తులు అవేనట. నావలు ఎటు వెళుతున్నాయో తేలేలోపు మెలకువ వచ్చేది.

ఆ రెండు గుర్తులకీ తేడా ఆవిడ మా కాలువ పూడికతో చెప్పారు.

"పూడిక గవర్నమెంటే తియ్యాలి, దానికి పన్ను కట్టినా తప్పులేదంటారు గాడిద గుర్తువాళ్ళు. పన్ను మాకొదిలెయ్యండి, మా పూడిక మేం తీసుకుంటామంటారు ఏనుగువాళ్ళు. మొత్తం అంతే కాదనుకో. మొదలక్కడ."

"మా కాలవ ఎవరూ తియ్యలేదు కదండీ," అంది కోడలు.

"అందుకే మనకి గుర్తులెక్కువ," అని నవ్వేరు.

నేను ఉండబట్టలేక, పూడిక గవర్నమెంటు తియ్యాలి కాని మా ఇంట్లో ఎవరెలా ఉండాలో మాత్రం చెప్పకూడదు, మరి నాది ఏ గుర్తు అని లోపలినుంచే అడిగాను. "ఒక మనిషిలోనే రెండూ ఉంటాయండీ. ఎన్నికలరోజు ఒకదాన్ని ఇంట్లో ఉంచి రావాలి, అదే కష్టం" అన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటాను.

ఆ కార్తీకంలోనే అమెరికాలో ఎన్నికలు జరిగి, లెక్క తేలక వారాల తరబడి ఆగిపోయింది. దేశం మొత్తమ్మీద ఎక్కువ ఓట్లు వచ్చినాయన ఓడిపోవచ్చని పేపర్లో రాశారు.

"అచ్చుతప్పయ్యుంటుంది," అన్నాను.

"కాదండీ. గుమ్మం దాటి ఇలా వచ్చి కూర్చుంటే చూపిస్తాను."

వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ ఎర్ర గచ్చు మీద సుద్దతో నాలుగు గడులు గీశారు. మా వీధిలో నాలుగు ఇళ్ళు, అవి నాలుగు రాష్ట్రాలు. మా ఇంట్లో ఓట్లు ఆరు, పక్కింట్లో ఐదు, ఆ పక్కన ఐదు, చివరింట్లో నాలుగు. అప్పటికే వీధి ఆడవాళ్ళలో ఒక వాదం నడుస్తోంది. కార్తీక స్నానానికి ద్రాక్షారామం వెళ్ళాలా, ఓడలరేవు సముద్రానికి వెళ్ళాలా అని. నేను ద్రాక్షారామం అన్నాను. నేనన్నాక మా ఇంట్లో వేరే మాట ఉండదు. ఆవిడ దాన్నే ఎన్నిక చేశారు. ద్రాక్షారామానికి చింతపిక్క, సముద్రానికి గవ్వ. మూతి చిన్న చెంబు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. పిడికిలి మూసి వెయ్యాలి, ఎవరూ చూడకూడదు. మా వారు కూడా చదువుతున్న పేపరు దించకుండానే చెయ్యి పెట్టారు.

ఏ ఇంటివి ఆ ఇంటి గడిలో పోశారు. మా ఇంట్లో నాలుగు పిక్కలు, రెండు గవ్వలు. పక్కింట్లో మూడు పిక్కలు, రెండు గవ్వలు. మిగిలిన రెండిళ్ళలో అన్నీ గవ్వలే.

"ఇంట్లో ఎటు ఎక్కువ పడితే ఆ ఇంటి ఓట్లన్నీ అటే రాస్తారు. మీ ఆరూ, పక్కింటి ఐదూ, పదకొండు ద్రాక్షారామానికి. తొమ్మిది సముద్రానికి," అన్నారు.

"గెలిచేం వదినా!" అంది పక్కింటావిడ.

నేను గడులు చెరిపి అన్నీ ఒక చోట పోసి లెక్కపెట్టాను. గవ్వలు పదమూడు, పిక్కలు ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే.

"టీచరుగారూ, ఇది తప్పండీ," అన్నాను. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు. ఆవిడ గమనించారో లేదో.

"తప్పు లేదండీ. మీరు మనుషుల్ని లెక్కెట్టేరు. వాళ్ళు ఇళ్ళని లెక్కెడతారు."

"మరి మా ఇంట్లో రెండు గవ్వలూ?"

"ద్రాక్షారామం కింద పడ్డాయండీ."

"వేసింది సముద్రానికైతే?"

"ఆయ్. అక్కడా చాలామంది అదే అడుగుతున్నారండీ."

పెద్ద రాష్ట్రాలు తమని మింగేస్తాయని చిన్న రాష్ట్రాలు భయపడటం ఆ ఏర్పాటుకి ఒక కారణమని, ఎంత చిన్న రాష్ట్రానికైనా మూడు ఓట్లకి తక్కువ ఉండవని, రెండు రాష్ట్రాలు మాత్రం తమ ఓట్లను ఇలా కట్టగా ఇవ్వకుండా పంచుతాయని చెప్పారు. కోడలు రాసుకుంటోంది. నేను సగమే విన్నాను. మా ఇంట్లో ఆ రెండు గవ్వలు వేసిన చేతులు ఎవరివి? కోడలి వైపు చూశాను. ఆ అమ్మాయి నోటుపుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"పదమూడు పెద్దదా, ఏడు పెద్దదా? సముద్రానికే వెళుతున్నాం," అన్నాను.

పక్కింటావిడ గోల పెట్టింది. టీచరుగారు మాత్రం, "ఓడిపోయినవాళ్ళు పద్ధతి మార్చమంటే ఎవరూ వినరు. గెలిచినావిడే అంటే ఇంకేం చెప్తామండీ!" అన్నారు.

ఆవిణ్ణి కూడా రమ్మన్నాను. ఓడలరేవులో ఆ రోజు పొగమంచు పూర్తిగా విడలేదు. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత కనిపించలేదు. ఆడవాళ్ళందరూ తెల్లటి వెలుతురులో సగం మనుషులు, సగం నీడలుగా తిరుగుతున్నారు. మేమిద్దరం పాదాలు తడిసేంత నీళ్ళలో నిలబడ్డాం. చీర కుచ్చెళ్ళు పట్టుకుని, మాటల మధ్యలో వేరే ఏదో చెబుతున్నట్టే ఆవిడ చెప్పారు.

"మా నాన్న ఓటు కూడా మీ మావగారి లెక్కలోనే ఉండేదండీ."

నాకు తెలుసు. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, ఎన్నికల ముందు మా మావగారు పార్టీవాళ్ళకి మాట ఇచ్చేవారు. మా ఇంటి ఓట్లు నలభై అని. ఇంట్లోవాళ్ళం, మా పొలంలో పనిచేసే పేటవాళ్ళూ కలిపి. పోలింగురోజు పేటకి మా బండ్లు వెళ్ళేవి. నా చేతిరాత బాగుంటుందని ఆ నలభై పేర్లూ నాచేతే రాయించేవారు. ఆవిడ నాన్నగారి పేరు నేనే రాశాను.

"బండి దిగి ఇంటికొచ్చాక, దొరగారు చెప్పినదానికే వేసేనని అందరితో అనేవారు. పోయేముందు నాతో మాత్రం నవ్వుతా అన్నారండీ, 'లోపల నేనొక్కణ్ణేగా అమ్మా' అని."

ఒక అల వచ్చి మా ఇద్దరి కాళ్ళ కింద ఇసుక లాక్కుపోయింది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. ఏ లెక్కయినా రెండుసార్లు సరిచూసే నేను, ఇన్నేళ్ళూ ఆ నలభైని ఒక్కసారీ సరిచూడలేదు. సరిచూడటానికి వీలులేని లెక్క అది. ఆవిడ కోపంగా చెప్పి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ వంగి, ఒక గవ్వ ఏరి, ఇసుక కడిగి నా చేతిలో పెట్టారు. అంతే.

ఆ తరువాత అసెంబ్లీ ఎన్నికలు రెండువేల నాలుగులో వచ్చాయి. మా ఊరి కుర్ర కార్యకర్త కండువా వేసుకుని వచ్చాడు.

"మామ్మగారూ, మనింటి ఆరూ మనకేనాండీ?"

"మా ఇల్లు ఓట్లు పంచే ఆ రెండు రాష్ట్రాల్లో కలిసిపోయింది నాయనా."

"ఏ రాష్ట్రాలండీ?"

"ఆరుగురున్నారు. ఆరుగురినీ అడుగు. చెప్తే రాసుకో. చెప్పకపోతే మజ్జిగ తాగి వెళ్ళు."

అంతవరకూ ఆరు ఓటరు చీటీలూ నా గుప్పెట్లోనే ఉండేవి. ముందు నేను నడిచేదాన్ని, వెనక వాళ్ళు. ఆ రోజు ఎవరి చీటీ వాళ్ళ చేతికిచ్చాను. కోడలు వేలిమీద సిరాతో బయటికి వచ్చింది. ఎవరికి వేశావన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడం నాకు తేలిక కాలేదు. సాయంత్రం టీచరుగారికి ఆ సంగతి చెబితే, "నాకూ అంతేనండీ, మా ఆయన్ని అడగాలనిపిస్తది" అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మా ఇంట్లో రెండు గవ్వలు ఎవరివో ఈ రోజుకీ నాకు తెలియదు. కోడలు పాసై, ఇప్పుడు అమలాపురం కాలేజీలో అదే పాఠం చెబుతోంది. ఒకటి తనదే అయి ఉంటుంది. రెండోది మా వారిదేమో.

టీచరుగారు పోయి నెల దాటింది. మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మొన్న అదే కార్యకర్త ఓటరు చీటీలు తెచ్చాడు. మా ఆరూ ఇచ్చాక, చేతిలో ఇంకొకటి మిగిలింది.

"టీచరమ్మగారిదండీ. లిస్టులో పేరు తియ్యలేదు. మనవాళ్ళెవరి చేతన్నా వేయించేద్దామండీ, ఊరికే పోవడం ఎందుకు?"

చెయ్యి చాచి ఆ చీటీ తీసుకున్నాను.

"ఇది ఆవిడతోనే పోయింది. పోలింగు బూత్‌లో ఆఫీసరుకి నేనే చెప్తాను, ఆవిడ లేరని."

"ఒక్క ఓటే కదండీ మామ్మగారూ."

"నలభై మా ఇంట్లోనే ఉన్నాయనుకున్నాం ఒకప్పుడు. అవీ మావి కావు, ఇదీ మనది కాదు. ఎండలో వచ్చేవు, మజ్జిగ తాగి వెళ్ళు."

అతను వెళ్ళాక మూడూ పది అయింది. కొబ్బరాకుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్టు గచ్చు మీద పడుతోంది. నేను సుద్దముక్క తీసుకుని ఒకే ఒక్క గడి గీశాను. అందులో ఆవిడ చీటీ పెట్టి, పైన ఓడలరేవు గవ్వ ఉంచాను. కాలువ మీదినుంచి గాలి వచ్చింది. కాగితం అంచు కాస్త లేచింది, మళ్ళీ ఒదిగింది. ఎటూ పోలేదు.